ఎగురవేయని ఎఱ్ఱజెండా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో "సైన్యము – ప్రమాద నివారణము" అను విషయముపై గావించిన ఉపన్యాసము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. ఇట్టి సభలలో గ్రంథములను గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఆ విషయములను నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు వేదికపైననే యున్నారు. నన్ను సైన్యమును గూర్చి మాటలాడుమనిరి. సైన్యమనగానే యుద్ధములు, వీరగాథలు మనకు స్ఫురించును. నేను వానిని చెప్పబోవుట లేదు. శత్రువు ఎదుట లేని దినములలో, అనగా గిడ్డంగిలో, రేవులో, కవాతు మైదానములో, ఓడపైన, సైన్యము తన పని తాను చేసికొనుచున్న వేళ సంభవించు ప్రమాదములను గూర్చియు, వానిని నివారింపవలసిన బాధ్యత ఎవరిది యను ప్రశ్నను గూర్చియు చెప్పెదను.

ఈ విషయము విని మిత్రులొకరు, "సైన్యమున ప్రమాద నివారణమేమిటి? సైన్యమే ప్రమాదము గదా!" అని నవ్విరి. ఆ నవ్వులో లోకాభిప్రాయము కొంత ఇమిడియున్నది. సిపాయి ప్రాణమునకు తెగించి పోయినవాడు. శత్రువు గుండు తగిలి పడిననేమి, గిడ్డంగి ప్రేలి పడిననేమి, దేశము కొఱకే గదా అని మనము సమాధానపడుదుము. ఈ సమాధానము నాకు సరిపడదు. సరిహద్దున పడిన బిడ్డను గూర్చి తల్లి దుఃఖించునపుడు ఆ దుఃఖమునకు ఒక అర్థము కలదు. బ్రేకు సరిచేయని లారీ క్రింద పడి మరణించిన బిడ్డను గూర్చి ఆమెకు మనమేమి చెప్పగలము?

తెలుగునాట సైన్యమునకు బిడ్డలను పంపు గ్రామములు కలవు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము సమీపముననున్న మాధవరము తరతరములుగా సైనికులను పంపుటచేత మిలిటరీ మాధవరమనియే పేరు పొందినది. అంత పేరు లేని పల్లెలనుండియు ఒకరో ఇద్దరో సైన్యమున చేరుచునే యున్నారు. కనుక ఇది మనకు సంబంధింపని సంగతి యని అనుకొనరాదు.

కూలివానికిని సిపాయికిని ఒక భేదము కలదు. పాతబడిన బావిలో పూడిక తీయుటకు దిగుమన్నచో కూలివాడు, "మోకు చివికినది, గోడ కూలునట్లున్నది, నేను దిగను బాబూ" అని తలగుడ్డ దులుపుకొని పోవచ్చును. ఆనాటి కూలి పోవును, ప్రాణము దక్కును. సిపాయికి ఆ వీలు లేదు. ఆజ్ఞను మీఱుట అతనికి నేరము. యుద్ధరంగమున ఆ కట్టుబాటు లేనిచో సైన్యమే నిలువదు. దానిని నేను ఆక్షేపించుట లేదు. కాని ఆ కట్టుబాటువలన వేఱొక బాధ్యత పుట్టుచున్నది. విడిచిపోవు హక్కు లేనివానిచేత పని చేయించువాడు, ఆ పనిలోని అపాయమును తానే ముందుగా చూచి తీరవలెను. కార్మికుల రక్షణకై మన దేశమున చేసిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సైతము సైన్యపు సంచార దళములను ఫ్యాక్టరీ యను నిర్వచనమునుండి మినహాయించెను. బయటి ఇన్‌స్పెక్టరు రాని చోట లోపలి అధికారియే ఇన్‌స్పెక్టరు కావలసియుండును. నేను చెప్పబోవు ఉదాహరణములన్నియు ఈ ఒక్క మాట చుట్టును తిరుగును.

మొదట మన దేశమున జరిగినదే చెప్పెదను. అది 1944వ సంవత్సరము, రెండవ ప్రపంచ యుద్ధకాలము. ఫోర్ట్ స్టైకిన్ అను సరకుల ఓడ ఫిబ్రవరి నెలలో ఇంగ్లండునందలి బర్కెన్‌హెడ్ రేవునుండి బయలుదేరి, కరాచీ మీదుగా ఏప్రిల్ 12వ తేదీన బొంబాయి చేరెను. అందులో సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రి యుండెను: ఫిరంగి గుండ్లు, టార్పెడోలు, మందుపాతరలు మొదలైనవి. చాలనట్లు కరాచీలో వేలకొలది పత్తి బేళ్ళను, నూనె పీపాలను, కలపను ఎక్కించిరి. పత్తి బేళ్ళ సంగతి మన రైతులకు నేను చెప్పనక్కఱలేదు. పత్తికి నిప్పంటుకొన్నచో పైకి మంట కనబడకయే లోలోపల గంటల తరబడి రగులును. అట్టి పత్తిని మందుగుండుతో కలిపి ఒకే ఓడ గర్భమున నింపిరి. ఓడ కెప్టెను అభ్యంతరము చెప్పెనట, యుద్ధావసరమని త్రోసివేసిరి.

యుద్ధమునకు పూర్వము మందుగుండు ఓడలను డాకు లోనికి రానీయక, దూరముగా నీటిలో నిలిపి, పడవలలోనికి సరకు దింపుట ఆచారము. యుద్ధపు తొందరలో ఆ ఆచారమును సడలించిరి. ఓడ విక్టోరియా డాకులో, ఇతర నౌకల నడుమ, నగరమునకు ఆనుకొని నిలిచెను. అపాయకరమైన సరకు గల ఓడ ఎఱ్ఱజెండా ఎగురవేయవలెను. ఈ ఓడపై ఆ జెండా ఎగురలేదు. ప్రక్క ఓడవారికి గాని, రేవు కూలీలకు గాని, ఆ గోడల వెనుక ఇండ్లలో కాపురముండు వారికి గాని ఆ ఓడ గర్భమున ఏమున్నదో తెలియదు.

ఏప్రిల్ 14వ తేదీ మధ్యాహ్నము ఓడనుండి సన్నగా పొగ వచ్చుటను ప్రక్క ఓడలవారు కొందరు చూచిరి. చూచి, ఓడవారికి తెలిసియే యుండునని ఊరకుండిరి. రెండు గంటల వేళకు కూలీలు కేకలు వేసిరి. ఎవరో కాల్చి పారవేసిన సిగరెట్టు కారణమై యుండవచ్చునని తరువాత అనుకొనిరి, నిశ్చయముగా తేలలేదు. అగ్నిమాపక దళము వచ్చి టన్నులకొలది నీటిని కుమ్మరించెను. ఓడ రేకులు కాగి, ప్రక్కనున్న నీరు మరుగజొచ్చెను. అంతకంటె విచారకరమైన సంగతి వేఱొకటి కలదు. అచ్చట కెప్టెను ఉండెను, రేవు అధికారులు ఉండిరి, సైన్యపు మందుగుండు అధికారి ఉండెను, అగ్నిమాపక నాయకుడు ఉండెను. ఓడను ముంచుటయా, సముద్రములోనికి లాగించుటయా, ఉన్నచోటనే మంటను ఆర్పుటయా అని తేల్చి చెప్పుటకు మాత్రము వారిలో ఏ ఒక్కరికిని అధికారము లేదు. ఇట్లు రెండు గంటలు గడచెను. సాయంకాలము 4 గంటల 6 నిమిషములకు ఓడ ప్రేలెను. అరగంటలోపల మఱల ప్రేలెను. ఆ అదురును సిమ్లాలోని భూకంప మాపకము సైతము గుర్తించెను.

మృతుల సంఖ్య 800 మొదలు 1,300 వఱకు పలువిధములుగా చెప్పుదురు. రేవు కూలీల పేర్లకు సరియైన పట్టికయే లేదు. ఇక లెక్క తేలుట ఎట్లు? సుమారు 80,000 మంది ఇల్లు వాకిలి లేనివారైరి. మంటలతో పోరాడుచు 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. ఏటేట ఏప్రిల్ 14వ తేదీన మన దేశమంతట అగ్నిమాపక దినము జరుపుట వారి స్మారకముగనే. ఆ ఓడలో బంగారు కడ్డీలు కూడ ఉండెను. వానిలో ఒకటి మైలు దూరమున ఒకరి ఇంటి పైకప్పును చీల్చుకొని పడెను. జనులు ఈ కథను ఆ బంగారము కొఱకే ఎక్కువగా చెప్పుకొందురు. నాకు మాత్రము ఆ ఎగురని జెండాయే ఎక్కువ జ్ఞాపకము వచ్చుచుండును. గజము ఎఱ్ఱగుడ్డకు ఎంత ఖర్చగును?

మూడు నెలలు గడచెను. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు కొంత దూరమున పోర్ట్ షికాగో అను నౌకాదళపు రేవు ఉండెను. పసిఫిక్ యుద్ధమునకు బాంబులను, గుండ్లను అచ్చటనుండి ఓడల కెక్కించెడివారు. ఎక్కించు నావికులందఱు నల్లజాతివారు; వారిపై అధికారులు తెల్లవారు. మందుగుండు ఎత్తుట దింపుటలయందు ఆ నావికులకు శిక్షణ ఈయలేదు. ఈ బాంబులకు ప్రేలించు మీట బిగింపలేదు గనుక ప్రేలవని వారికి చెప్పిరి. అధికారులకును ఆ పనిలో అనుభవము అంతంత మాత్రమే. అనుభవము గల రేవు కార్మికుల సంఘము, పని నేర్పుటకు మా మనుష్యులను పంపెదమనెను, నౌకాదళము వలదనెను. తీరరక్షక దళమువారు పని జరుగు తీరు చూచి హెచ్చరించి, వినిపించుకొనకపోగా తమ మనుష్యులను వెనుకకు పిలుచుకొనిరి.

ఇంతకంటె విడ్డూరము వినుడు. గంట కొకసారి ఓడ గర్భపు ద్వారము ఒక్కింటికి 10 టన్నులు ఎక్కవలెనని పై అధికారి లక్ష్యము పెట్టెను. ఏ జట్టు ఎంత ఎక్కించినదో నల్లబల్లమీద వ్రాసిరి. జట్ల నాయకులైన అధికారులు ఏ జట్టు గెలుచునని తమలో తాము పందెములు కాచుకొనిరి. మన సంక్రాంతి కోడిపందెములలో కోళ్ళవలెనే, ఈ పందెములలో ప్రాణములొడ్డినవారు ఆ నావికులే. తెలిసినను చేయగలిగినదేమి? వారు సిపాయిలు.

1944 జులై 17వ తేదీ రాత్రి 10 గంటల 18 నిమిషములకు, ఈ.ఏ. బ్రయన్ అను ఓడ సుమారు 4,600 టన్నుల మందుగుండుతో రేవులో నుండగా, అంతయు ప్రేలిపోయెను. రేవు లేదు, ఓడ లేదు. ఎదుట నిలిచియున్న రెండవ ఓడయు ముక్కలయ్యెను. 320 మంది ఒక్క క్షణమున మరణించిరి. వారిలో 202 మంది నల్లజాతి నావికులు. 390 మంది గాయపడిరి. గుర్తుపట్టుటకు దొరికిన శవములు 51 మాత్రమే.

విచారణ జరిగెను. చూచినవారెవరును బ్రదికి లేరు గనుక కారణము తేలలేదు. విచారణ సంఘము అధికారుల తప్పు లేదనెను. బాంబులు మోసినవారి మోటుదనమును సూచనగా వేలెత్తి చూపెను. బ్రదికిన తెల్ల అధికారులకు సెలవు దొరకెను. నల్ల నావికులకు దొరకలేదు. తోడివారి శరీర ఖండములను ఏరి, గంపల కెత్తిన పని వారిదే యయ్యెను. మూడు వారములు గడచిన పిదప, ఆగస్టు 9న, వారిని వేఱొక రేవునకు తీసికొనిపోయి, మఱల మందుగుండు ఎత్తుమని ఆజ్ఞాపించిరి. పద్ధతి మారలేదు, శిక్షణ లేదు. 258 మంది ఆ పనికి పోమనిరి. మఱి యే పనియైన చేసెదమనిరి. యుద్ధకాలమున తిరుగుబాటునకు శిక్ష మరణమని సేనాపతి హెచ్చరించెను. 208 మంది దారికి వచ్చిరి; వారికి మూడు నెలల జీతము కోసిరి. 50 మందిపై తిరుగుబాటు నేరము మోపి, అక్టోబరులో దోషులని తీర్పు చెప్పి, ఎనిమిది మొదలు పదునైదు సంవత్సరముల కారాగారము విధించిరి. తరువాత అమెరికా సుప్రీం కోర్టున తొలి నల్లజాతి న్యాయమూర్తి యైన థర్‌గుడ్ మార్షల్, ఆనాడు న్యాయవాదిగా ఆ విచారణకు స్వయముగా పోయి కూర్చుండి, వారి పక్షమున పోరాడెను. 1946 ఆరంభమున వారిలో అత్యధికులను విడిచిరి గాని, నేరము మాత్రము వారి పేర నిలిచియే యుండెను.

ఈ 50 మందిని గూర్చి మీరేమనుకొందురో నేనెఱుగను. సైనిక నియమములు తెలిసినవారు కొందఱు, ఎంత కష్టమైనను ఆజ్ఞ ఆజ్ఞయే యందురు. నాకు తోచినది చెప్పెదను. వారు యుద్ధమును కాదనలేదు, కష్టమును కాదనలేదు. ఏ అజాగ్రత్తవలన తమవారు 200 మంది బూడిద యయ్యిరో, ఆ అజాగ్రత్తను మఱల చేయమనిరి. అది అధికారులే ముందుగా అనవలసిన మాట. వారు అనకపోగా, క్రిందివారు అనవలసి వచ్చెను. 2024 జులై 17న, అనగా సరిగా 80 సంవత్సరములకు, అమెరికా నౌకాదళము ఆ 50 మందితో కలిపి 256 మంది నావికులను నిర్దోషులుగా ప్రకటించెను. ఆ కాగితమును అందుకొన్నవారు వారి కొడుకులు, కూతుళ్ళు, మనుమలు.

ఇక నివారణ మార్గములు. ఇవి వినుటకు చాల చిన్నవిగా నుండును. మన పెద్దలు గడ్డివామిని ఇంటి చూరున కానించి వేయరు. రెండు వాముల నడుమ మనిషి నడుచుటకంటె ఎక్కువ ఎడము విడుతురు. వామి దొడ్డిలోనికి చుట్ట కాల్చుచు పోనీయరు. మందుగుండు గిడ్డంగులకును మూలసూత్రము ఇదియే. ఎన్ని టన్నులున్నవో దానిని బట్టి, గిడ్డంగికిని గిడ్డంగికిని, గిడ్డంగికిని బాటకును, గిడ్డంగికిని ఇండ్లకును ఎంత దూరముండవలెనో పట్టికలు కలవు. ప్రేలించు మీటలను ప్రేలు సరకుతో కలిపి ఉంచరాదు. నడుమ మట్టికట్టలు వేయవలెను. అమెరికాలో 1926 జులై 10న న్యూ జెర్సీలోని లేక్ డెన్మార్క్ అనుచోట నౌకాదళపు మందుగుండు గిడ్డంగిపై పిడుగు పడి, ఒకదాని వెంట ఒకటి ప్రేలిపోయినవి. ఆ పిమ్మట 1928లో, ఈ దూరములను కనిపెట్టి చూచుటకే ఆ దేశపు శాసనసభ ఒక ప్రత్యేక మండలిని నియమించెను. పిడుగును ఎవరు ఆపగలరు? ఒక పిడుగు ఒక కొట్టుతో ఆగునట్లు చేయుట మాత్రము మానవ సాధ్యము.

కాని పట్టిక గోడమీద నుండుట వేఱు, పని పట్టిక ప్రకారము జరుగుట వేఱు. దీనికి ఫారెస్టల్ అను అమెరికా విమానవాహక నౌక కథ ఉదాహరణము. 1967 జులై 29న ఆ నౌక వియత్నాం తీరమున నుండెను. విమానములు బాంబులతో, పెట్రోలుతో నిండి పైతట్టున బారులు తీరియున్నవి. విమానమునకు కట్టిన రాకెట్టునకు విద్యుత్తు తీగను, విమానము ఎగురుటకు సిద్ధమై కొనకు చేరిన పిదపనే తగిలింపవలెనని నియమము. కొనయొద్ద తగిలించిన ఆలస్యమగుచున్నదని, బారులో నుండగనే తగిలించు అలవాటు చేసికొనిరి. రాకెట్టును కదలకుండ పట్టు చీల కూడ ఆ సమయమున దాని స్థానమున లేదు. విమానపు యంత్రమును ప్రారంభించుచు విద్యుత్తును ఒకచోటినుండి ఇంకొకచోటికి మార్చినపుడు, ఒక్క పోటు వచ్చి, రాకెట్టు తనంతట తానే దూసికొనిపోయి, ఎదుటి విమానపు పెట్రోలు తొట్టిని చీల్చెను.

ఆ విమానముల క్రింద పాతకాలపు బాంబులు కొన్ని యుండెను. తుప్పు పట్టిన ఆ బాంబులను చూచి ఆయుధ సిబ్బంది సందేహించిరి. కాని దాడికి వేఱు బాంబులు చాలవు గనుక అంగీకరించిరి. క్రొత్తరకపు బాంబు మంటలో మఱికొంత సేపు ఓర్చును. ఇది ఒకటిన్నర నిమిషములోనే ప్రేలెను. మంటలార్పుటయందు తర్ఫీదు పొందిన దళము ముందునకు ఉరికినది గదా; ఆ దళమువారందఱు, ఇంచుమించు ఒక్కరును మిగులకుండ, ఆ మొదటి ప్రేలుడులకే బలియైరి. మిగిలిన నావికులు ధైర్యవంతులే, కాని పని తెలియనివారు. ఒకరు పెట్రోలు మంటపై నురుగు కప్పుచుండగా, ఇంకొకరు నీరు చల్లి ఆ నురుగును కడిగివేసిరి. 134 మంది మరణించిరి, 161 మంది గాయపడిరి. అటుపిమ్మట ఆ నౌకాదళమున, వంటవాడు కానిండు, గుమాస్తా కానిండు, ఓడ నెక్కు ప్రతివాడును మంట నార్పుట నేర్వవలెనని నిర్బంధము చేసిరి. ఆనాటి చలనచిత్రమును క్రొత్తగా చేరినవారికి చూపుచు వచ్చిరి.

ఇందు గమనింపదగినది, నియమము లేకపోలేదు. ఒకనాడు తొందరలో నియమమును దాటిరి, ఏమియు కాలేదు. రెండవనాడు దాటిరి, ఏమియు కాలేదు. నెల గడచునప్పటికి దాటుటయే నియమమయ్యెను. గండము తప్పినపుడు మనము కొబ్బరికాయ కొట్టి మఱచిపోదుము. కొట్టుట మంచిదే. కాని గండము ఎట్లు వచ్చినదో పుస్తకమున వ్రాసి, తోడివారికి చెప్పుట ఇంకను మంచిది. అమెరికా నౌకాదళపు వైమానిక విభాగమున, తప్పిన గండమును గూర్చి పేరు వ్రాయకయే చీటి వ్రాసి అందించు ఏర్పాటు చేసిరి. పేరు లేదు గనుక శిక్ష భయము లేదు; భయము లేదు గనుక నిజము బయటికి వచ్చును. క్రిందివాడు నోరు విప్పుటకు వీలు కల్పించుట పైవాని పనియే.

ప్రేలుడులే ప్రమాదములని అనుకొనరాదు. మన ఎండ సంగతి చూడుడు. రోహిణి కార్తెలో మనము పదిగంటలకే కాడి విప్పుదుము. సైన్యమున క్రొత్తగా చేరిన కుఱ్ఱవానిని ఎండలో బరువుతో పరుగెత్తించినచో వడదెబ్బ తగిలి, సాయంకాలమునకు మరణింపవచ్చును. అమెరికాలో పారిస్ ఐలండ్ అను చోట మెరైను దళములకు శిక్షణ ఇచ్చెదరు. అది ఉక్కపోత గల ప్రదేశము. 1950ల నడుమ వైద్యులు అచ్చట ఒక సాధనము కనిపెట్టిరి. ఒకటి మామూలు ఉష్ణమాపకము. ఒకటి తడిగుడ్డ చుట్టినది. ఒకటి నల్లని లోహపు గోళములో పెట్టి ఎండలో నుంచినది. ఈ మూడింటిని కలిపి లెక్క కట్టుదురు. పదిపాళ్ళలో ఏడుపాళ్ళు తడిగుడ్డ దానికి, రెండు గోళమునకు, ఒక్కటి మామూలు దానికి. తడిగుడ్డకు అంత విలువ ఏల? చెమట ఆరినగాని శరీరము చల్లబడదు. గాలి తేమతో నిండియున్నచో చెమట కారునే గాని ఆరదు. అందుచేతనే అనంతపురపు ఎండకంటె, అదే వేడిమి గల విశాఖపట్టణపు ఉక్కపోత కష్టము చేయువానికి ఎక్కువ అపాయము.

ఆ లెక్క వచ్చిన పిదప జెండా ఎగురవేయుదురు. ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు, చివరకు నలుపు. లెక్క ఫారన్‌హీటు 90 డిగ్రీలకు చేరెనా, నల్లజెండా. ఆపై కష్టమైన కవాతు నిలిపివేయవలెను. ఎంత కఠినుడైన శిక్షకుడైనను "ఇంకొక్క చుట్టు పరుగెత్తుడు" అనుటకు వీలు లేదు. ఈ పద్ధతి వచ్చిన పిమ్మట అచ్చట వడదెబ్బలు చాల తగ్గినవి. తరువాత అనేక దేశముల సైన్యములును, కర్మాగారములును ఈ లెక్కను గ్రహించినవి. ఇందు నాకు నచ్చినది సాధనముకంటె ఆ జెండా. కుఱ్ఱవాడు "నాకు తల తిరుగుచున్నది" అని నోరు తెఱచి చెప్పవలసిన పని లేదు. చెప్పినచో పిఱికివాడందురని అతడు చెప్పడు గదా!

మన దేశమునకు మఱల వత్తము. మహారాష్ట్రమున వార్ధా జిల్లాలోని పుల్‌గాఁవ్ అను ఊరియొద్ద మన సైన్యపు కేంద్ర మందుగుండు గిడ్డంగి కలదు. 2016 మే 31వ తేదీ తెల్లవాఱక మునుపే అచ్చట ఒక కొట్టు అంటుకొని ప్రేలెను. మృతులలో ఇద్దఱు సైన్యాధికారులును, మంటనార్పబోయిన అగ్నిమాపక సిబ్బందియు కలరు. లోపము గల మందుపాతరలనుండి మందు ఊటవలె స్రవించుచుండెనని తరువాత పత్రికలలో వచ్చెను. ఆ ఇద్దఱు అధికారులు దూరమున నిలిచి ఆజ్ఞ లిచ్చినవారు కారు, మంటయొద్దకు పోయినవారు. వారి శౌర్యమునకు నమస్కరింతము. శౌర్యము అవసరమైన పరిస్థితి ఎట్లు వచ్చినదని అడుగుట ఆ శౌర్యమును తక్కువ చేయుట కాదు.

అదే పుల్‌గాఁవ్ సమీపమున 2018 నవంబరు 20న, కాలము చెల్లిన మందుగుండును నాశనము చేయుచుండగా ప్రేలుడు కలిగి, ఆరుగురు మరణించిరి. మృతులలో కంట్రాక్టరు క్రింద మోత పనికి వచ్చిన ప్రక్క గ్రామములవారు కలరు. వారు సిపాయిలు కారు, పింఛనులు లేవు, యూనిఫారము లేదు. బొంబాయి రేవు కూలీలవలెనే వీరును దినకూలికి వచ్చినవారు. సైన్యపు పని యనగా యూనిఫారము ధరించినవారి పనియే యని తలంచుచున్న మనము, ఇట్టివారిని లెక్కలోనికి తీసికొనము. తీసికొనవలెను.

ఈ సందర్భమున ఇచ్చటి యువకులకు ఒక సంగతి చెప్పి ముగించెదను. సైన్యమువారు ఫిరంగులు కాల్చి అభ్యాసము చేయు మైదానములు మన రాష్ట్రములలోను కలవు. కాల్చిన గుండ్లన్నియు ప్రేలవు. ప్రేలనివి మట్టిలో కూరుకొని, తుప్పు పట్టి, పాత ఇనుపముక్కలవలె కనబడును. ఇత్తడికి, ఇనుముకు ధర కలదని పశువుల కాపరులు, పిల్లలు వానిని ఏరుదురు. సుత్తితో కొట్టి విడదీయ జూతురు. అది ఎంత కాలము క్రిందటి దైనను దాని లోపలి మందు పాతబడుటవలన మెత్తబడదు. కొన్నిటియందు ఇంకను సున్నితమగును. అట్టి వస్తువు కనబడినచో తాకరాదు, తన్నరాదు, తెచ్చి చావడిలో పెట్టరాదు. ఆ చోటికి దూరముగా ఒక గుర్తు ఉంచి, వెనుదిరిగి వచ్చి, పోలీసువారికి తెలుపవలెను. గుర్తుగా ఎఱ్ఱగుడ్డ దొరకిన మంచిదే. దొరకనిచో ఒక కొమ్మ విఱిచి నేలపై పెట్టినను చాలును.

సైన్యమున బిడ్డలున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. వారు సెలవులకు వచ్చినపుడు మనము జీతమెంత, బదిలీ ఎప్పుడు, పెండ్లి ఎప్పుడు అని అడుగుదుము. నీవు ఎక్కు లారీ ఎట్టిది, నీకు మంట నార్పుట నేర్పిరా, ఎండలో ఎంతసేపు నిలబెట్టుదురు అని కూడ అడుగుడు. మొదట నవ్వుదురు. తరువాత చెప్పుదురు.

 సభానంతరము కొంతసేపు పఠనమందిరమున ఉందును. ఈ విషయమున సందేహములున్నవారు అచ్చట అడుగవచ్చును.